గడ్డి ఎత్తు చూసి రూటు వేసుకోండి: అర్జెంటీనా పశువుల మేత భూముల్లో పక్షుల కోసం

నవంబరులో 16 రోజులు సెలవు దొరికింది, భార్యాభర్తలిద్దరం హైదరాబాద్ నుంచి బయల్దేరతాం, బ్యూనస్ ఐరిస్, ఇగ్వాసు జలపాతం, బ్రెజిల్ పంతనాల్, ఇబెరా చిత్తడి నేలలు, ఉరుగ్వే తీరం అన్నీ ఒకే ట్రిప్పులో అయిపోతాయా, గడ్డి మైదానాల పక్షులే ముఖ్యం, శాకాహారులం, కారు సొంతంగా నడపొచ్చా అని అడిగారు. అన్నీ అవ్వవండి. నేను ఆ వైపు నాలుగుసార్లు వెళ్ళాను, మొదటిసారి మీలాగే ఐదు చోట్లు పెట్టుకుని సగం రోజులు రోడ్డు మీదే పోగొట్టుకున్నాను, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. రానూ పోనూ ప్రయాణాలకే నాలుగు రోజులు పోతాయి. మిగిలే 12 రోజులూ అర్జెంటీనాలోనే, ఎంత్రె రీయోస్, కొరియెంతెస్ అనే పక్కపక్క రాష్ట్రాల్లోనే గడపండి.

పంతనాల్ తీసేయమనడానికి కారణం దూరం ఒక్కటే కాదు, సీజన్ కూడా. అక్కడ నీళ్ళు తగ్గి కొంగలూ జబీరూలూ మిగిలిన మడుగుల చుట్టూ గుమిగూడేది వానల్లేని కాలంలో, సుమారు జులై నుంచి అక్టోబరు మొదటి దాకా. నవంబరుకి వానలు పట్టుకుంటాయి. పచ్చిక పక్షుల లెక్క దీనికి సరిగ్గా ఎదురు. అక్టోబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా మగపిట్టలు రంగు తిరిగి, గడ్డి దుబ్బుల మీదికొచ్చి పాడతాయి, ఆ కాలం దాటాక వాటిలో చాలావాటిని కనిపెట్టడం కష్టం. మీ సెలవు పచ్చికకి సరిగ్గా సరిపోయింది, దాన్ని వానలో తడుస్తున్న పంతనాల్ మీద పెట్టొద్దు. ఇగ్వాసు అడవి పక్షుల చోటు, బాగుంటుంది, దానికి వేరే ట్రిప్పు పెట్టుకోండి.

ఇక అసలు సంగతి. అక్కడికి వెళ్ళేవాళ్ళు చాలామంది జాతీయ పార్కుల మ్యాపు పెట్టుకుని రూటు వేస్తారు, మధ్యలో వచ్చే పశువుల ఫారాల్ని (వాళ్ళు ఎస్తాన్సియా అంటారు, ఒక్కోటి వేల హెక్టార్లు ఉంటుంది) దాటాల్సిన ఖాళీ జాగా అనుకుంటారు. నిజానికి ఆ ఫారాలే పచ్చిక. ఆ దేశాల్లో మిగిలిన గడ్డి నేలలో పార్కుల కిందికి వచ్చింది చాలా తక్కువ, మిగతాదంతా ఆవులు మేస్తున్న సొంత భూమే. అందుకే 2006లో అర్జెంటీనా, ఉరుగ్వే, పరాగ్వే, బ్రెజిల్ దేశాల పక్షి సంరక్షణ సంస్థలు ‘అలియాన్సా దెల్ పస్తిసాల్’ అని ఒక కూటమి పెట్టుకుని, భూమి కొనడం కంటే రైతుల్ని కలుపుకోవడం మీద ఎక్కువ పని చేశాయి. సహజ పచ్చికని దున్నకుండా ఉంచిన ఫారం మాంసానికి ప్రత్యేక గుర్తు కూడా ఇస్తారు. ఏ ఫారంలో ఎన్ని పశువుల్ని, ఎన్నాళ్ళు మేపుతారన్న దాన్ని బట్టి గడ్డి ఎత్తు, గడ్డి ఎత్తుని బట్టి పక్షి. ఈ ఒక్కటి బుర్రలో పెట్టుకుంటే కారులోంచి చూస్తూనే ఎక్కడ ఆగాలో మీకే తెలుస్తుంది.

చీలమండ దాటని గడ్డి, బాగా మేసేసిన నేల కనపడితే అక్కడ తేరోలు (మన తీతువు చుట్టాలు) ఉంటాయి, కలుగుల దగ్గర బొరియ గుడ్లగూబలు నిలబడి ఉంటాయి, ఉత్తర అమెరికా నుంచి వచ్చిన గోల్డెన్ ప్లోవర్లు ఉంటాయి. ఆర్కిటిక్‌లో గుడ్లు పెట్టి ఇంత దూరం వచ్చే బఫ్-బ్రెస్టెడ్ శాండ్‌పైపర్‌కి కూడా ఇదే నేల కావాలి, ఆవులు లేకపోతే దానికి చోటే లేదు. దాన్ని బాగా చూడాలంటే మాత్రం ఉరుగ్వేలో రోచా సముద్రపు మడుగుల ఒడ్డుకి గానీ, దక్షిణ బ్రెజిల్‌లో లగోవా దో పెయిషెకి గానీ పోవాలి, మీ రూటులో అది తగలదు, వదులుకోక తప్పదు. మోకాలెత్తు గడ్డిలో పిపిట్‌లు, మన కౌజుల్లా కాళ్ళ దగ్గర్నుంచి బుర్రున లేచే నోతూరా, సాయంత్రం పూట బాధగా ఈల వేసే రెడ్-వింగ్డ్ టినామూ. నడుమెత్తు గడ్డి, అందులోనూ కాళ్ళ కింద తడి ఉన్న చోట, మీరు ఇంత దూరం వచ్చింది దేనికోసమో ఆ పిట్టలు.

ఈ మూడు ఎత్తులూ ఒకే ఫారంలో ఎందుకు కావాలో చెప్పే పిట్ట ఒకటుంది, శాఫ్రాన్-కౌల్డ్ బ్లాక్‌బర్డ్. అక్కడివాళ్ళకి తోర్దో అమరీల్యో. సైజు మన గోరింకంత. మగదానికి తల, రొమ్ము, పొట్ట అంతా పచ్చి పసుపు కొమ్ము అరగదీసి పూసినట్టుంటుంది, వీపు, రెక్కలు, తోక నలుపు. ప్రపంచంలో వేలల్లోనే మిగిలాయి, తగ్గిపోతున్నాయి. గూళ్ళు గుంపుగా పెడతాయి, దానికి తడి నేలలోని ఎత్తు గడ్డి గానీ ముళ్ళ తిస్టిల్ పొదలు గానీ కావాలి. తిండికి మాత్రం పొట్టి గడ్డి కావాలి, ఎందుకంటే ఇది నేల మీద నడుచుకుంటూ పురుగుల్ని ఏరుకుంటుంది. రెండిట్లో ఏది పోయినా పిట్ట పోతుంది. పొలమంతా సోయా వేసినా పోతుంది, పైన్, యూకలిప్టస్ తోటలు పెట్టినా పోతుంది.

మూడోసారి వెళ్ళినప్పుడు గ్వాలెగ్వాయ్‌చూ దగ్గర ఒక మట్టిరోడ్డు పక్క కంచె దగ్గర రెండున్నర గంటలు కూర్చున్నాను. ముందు కనిపించింది తోర్దో కాదు, కంచె తీగ మీద ఒక తెల్లటి పిట్ట, రెక్కలూ తోకా నలుపు. అది బ్లాక్-అండ్-వైట్ మోంజీటా. నాతో వచ్చిన లోకల్ గైడు దాన్ని చూడగానే కారు ఆపించి, ఇక కదలొద్దు, కింద చూడు అన్నాడు. కిందంతా గడ్డే. పది నిమిషాల తర్వాత గడ్డిలో ఒక పసుపు చుక్క, పక్కన ఇంకోటి, అలా పదకొండు లెక్కపెట్టాను, తలలు వంచుకుని ఒకే వైపుకి నెమ్మదిగా నడుస్తున్నాయి. గుంపు ముందుకి జరిగితే మోంజీటా ఇంకో రెండు కంచె స్తంభాలు దాటి కూర్చునేది. వెనక్కి తిరిగితే అదీ వెనక్కి. ఒకసారి దూరంగా చిమాంగో గద్ద తేలుకుంటూ వస్తుంటే మోంజీటా తీగ మీంచి లేచింది, అంతే, పదకొండూ ఒక్కసారిగా లేచిపోయి పొదల్లో పడ్డాయి. తల కిందికి పెట్టి తినే పిట్టలకి పైన కూర్చున్న పిట్ట కాపలా. మోంజీటాకి ఏం లాభమంటే గుంపు నడుస్తుంటే గడ్డిలోంచి లేచే పురుగులు దొరుకుతాయి. కాబట్టి తోర్దో కోసం వెతకొద్దు, కంచెల మీద తెల్ల పిట్ట కోసం వెతకండి, అది దొరికితే కారు ఇంజిను ఆపేసి కూర్చోండి.

రెండో ముఖ్యమైనది స్ట్రేంజ్-టెయిల్డ్ టైరెంట్, అక్కడి పేరు యెతాపా. ఇది కొరియెంతెస్‌లో ఇబెరా చుట్టుపక్కలే చూడాలి. మగదాని తోకలో రెండు ఈకలు ఒంటికంటే పొడుగ్గా పెరుగుతాయి, ఈక అంచు వెడల్పుగా జెండా గుడ్డలా ఉంటుంది, ఎగిరేటప్పుడు అవి నిలువుగా కిందికి దిగి పిట్ట వెనక నల్లటి పలక వేలాడదీసినట్టు కనపడుతుంది. గుడ్లు పెట్టే కాలంలో గొంతు మీది ఈకలు రాలిపోయి ఎర్రటి చర్మం బయటపడుతుంది. ఫోటోల్లో చూసి అది ఈకల రంగు అనుకున్నాను చాలాకాలం. పొద్దున గాలి లేవకముందే వెళ్ళాలి. తొమ్మిదిన్నర పది దాటి గాలి మొదలైందంటే ఆ తోకతో ఎగరడం కష్టం, గడ్డి మొదళ్ళలోకి దిగిపోతుంది, ఇక మీరు ఎంత నిలబడ్డా లాభం లేదు. ఒకచోట ఒక మగదీ చుట్టూ రెండు మూడు ఆడవీ కనపడితే ఆ పరిసరాల్లో గూళ్ళు ఉన్నట్టే, గడ్డిలోకి దిగకండి, రోడ్డు మీంచే చూడండి.

మూడోది కాపూచీనోలు, అంటే స్పోరోఫిలా జాతి గింజ పిట్టలు. మన మునియాలంత ఉంటాయి, అదే పనిగా గడ్డి కంకులకి వేలాడుతూ ఉంటాయి. నవంబరులో కొరియెంతెస్‌లో ఐదారు రకాలు ఒకే గడ్డి మడిలో దొరుకుతాయి: గొంతు ముదురుగా ఉండేది ఒకటి, మెడ తెల్లగా ఉండే మార్ష్ సీడీటర్ ఒకటి, ఒళ్ళంతా ఎర్రమట్టి రంగుది ఒకటి. ఆడవాటిని విడదీయాలని ప్రయత్నించకండి, అన్నీ ఒకే గోధుమ రంగు, అక్కడ ఏళ్ళ తరబడి పనిచేసేవాళ్ళు కూడా మగ పిట్ట పక్కన ఉంటేనే పేరు రాస్తారు. వీటిలో ఇబెరా సీడీటర్ కథ నాకు చాలా ఇష్టం. 2001లో ఇబెరాలో మొదటిసారి గమనించారు, గొంతు నలుపు, పొట్ట లేత రంగు, పాట వేరు. కొత్త జాతిగా పేరు పెట్టి ప్రకటించడానికి 2016 దాకా పట్టింది. తర్వాత దాని జన్యువుల్ని అదే గడ్డిలో గూడు కట్టే టానీ-బెల్లీడ్ సీడీటర్‌తో పోల్చి చూస్తే మొత్తం మీద మూడు చిన్న చోట్ల మాత్రమే తేడా ఉంది, అయినా రెండూ కలిసి జత కట్టడం లేదు, ఆడపిట్ట రంగూ పాటా చూసే మగదాన్ని ఎంచుకుంటోంది. ఫోన్లో పిట్టల పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకుని వారం రోజులు వినండి, అక్కడ సిగ్నల్ ఉండదు, ఈ పిట్టల దగ్గర కంటికంటే చెవే ఎక్కువ పనికొస్తుంది.

రూటు ఇలా పెట్టుకోండి. బ్యూనస్ ఐరిస్‌లో దిగిన రోజు పడుకోండి, అంతే. మర్నాడు పొద్దున్నే కారు తీసుకుని ఉత్తరానికి. రెండు గంటల్లో సెయ్‌బాస్ వస్తుంది, ఇక్కడిది ముళ్ళ చెట్ల పచ్చిక, మన రాయలసీమ తుమ్మ చెట్ల బీళ్ళని తలపిస్తుంది, కాకపోతే నీళ్ళు ఎక్కువ. ఆ మట్టిరోడ్ల మీద ఒక పూట. రాత్రికి గ్వాలెగ్వాయ్‌చూ, అక్కడ రెండు రాత్రులు, కాపూచీనోలు, తోర్దో. తర్వాత ఎల్ పల్మార్ జాతీయ పార్కులో ఒక రాత్రి. 1966లో యతాయ్ తాటిచెట్ల కోసం పెట్టిన పార్కు, 8,500 హెక్టార్లు, పొద్దుగూకేటప్పుడు చూడాల్సిన చోటు, పక్షుల పరంగా ఒక రాత్రి చాలు. అక్కడి నుంచి మెర్సెదెస్ ఊరికి, అక్కడి నుంచి ఇంకో 120 కిలోమీటర్లు మట్టీ కంకరా కలిసిన రోడ్డు మీద కోలోనియా కార్లోస్ పెల్లెగ్రీని. అక్కడ ఐదు రాత్రులు. తక్కువ పెట్టొద్దు. ఒక రోజు వాన, ఒక రోజు గాలి తీసేస్తే మీకు మిగిలేది మూడు పొద్దులే. తిరుగు దారిలో ఒక రాత్రి ఎక్కడైనా ఆగి బ్యూనస్ ఐరిస్ చేరండి. ఇంకా రోజు మిగిలితే ఊళ్ళోనే కోస్తానేరా సూర్ రిజర్వు ఉంది, టాక్సీలో పోయిరావచ్చు.

కారు నడపడం పెద్ద కష్టమేమీ కాదు. కుడివైపు నడపాలి, మొదటి రోజు మలుపుల దగ్గర జాగ్రత్త. 14వ నంబరు జాతీయ రహదారి నాలుగు లేన్లది. ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకెళ్ళండి. చీకటి పడ్డాక మాత్రం నడపొద్దు, ఆవులు, నక్కలు, కాపిబారాలు (పందంత ఉండే ఎలుక జాతి జంతువులు) రోడ్డు మీదికి వచ్చేస్తాయి. మెర్సెదెస్ నుంచి లోపలికి వెళ్ళే ఆ 120 కిలోమీటర్ల సంగతి వేరు. నా మొదటి ట్రిప్పులో రాత్రి వాన పడింది, పొద్దున ఎండ వచ్చింది కదా అని బయల్దేరాను, కారు అద్దెకిచ్చిన వాళ్ళు ఏ కారైనా పోతుందన్నారు. నలభై కిలోమీటర్ల దగ్గర బురదలో పక్కకి జారి గుంటలో దిగింది. ఐదు గంటలకి ఒక ఫారం మనిషి ట్రాక్టర్ తెచ్చి లాగాడు, డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు, మధ్యాహ్నం దాకా ఆగుంటే నేలే ఆరిపోయేది అన్నాడు. అప్పటి నుంచి ఆ రోడ్డు ఎక్కే ముందు మెర్సెదెస్ పెట్రోల్ బంకులో అడిగి, పెల్లెగ్రీనిలో బస ఇచ్చేవాళ్ళకి వాట్సాప్ పెట్టి, ఇద్దరూ సరే అంటేనే ఎక్కుతున్నాను. వానలో అయితే లాడ్జి వాళ్ళు పంపే పెద్ద జీపులో పోవడం మేలు, కారు మెర్సెదెస్‌లో వదిలేయొచ్చు. అయితే పొడిగా ఉన్నప్పుడు ఆ రోడ్డు దాటేయాల్సిన రోడ్డు కాదు, అదే మీ పక్షుల చోటు. రెండు మూడు గంటల్లో పోగలిగే దూరానికి నేను ఏడు గంటలు తీసుకుంటాను. యెతాపాని మొదటిసారి చూసింది ఆ రోడ్డు పక్కనే.

మెర్సెదెస్ దగ్గర్లో రోడ్డు పక్కన ఎర్ర జెండాల గుంపు కనిపిస్తుంది, అక్కడి జనం కొలిచే గౌచితో హిల్ మందిరం. మన దారుల పక్క పోలేరమ్మ గుడి లాంటిది, లారీవాళ్ళు హారన్ కొట్టి పోతారు. చిన్న చిన్న ఎర్ర మందిరాలు దేశమంతా రోడ్ల పక్కన కనపడతాయి, అసలు చోటు ఇదే.

ఫారాల సంగతి జాగ్రత్తగా వినండి. కంచె దాటొద్దు, ఎంత మంచి పిట్ట ఉన్నా సరే. గేటుని వాళ్ళు త్రాంకేరా అంటారు, అనుమతితో లోపలికి వెళ్ళినప్పుడు గేటు మూసి ఉంటే మూసే పోవాలి, తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, ఎందుకంటే ఏ మందని ఏ మడిలోకి తోలుతున్నారో మనకి తెలియదు. అనుమతి అడగడం మీరనుకున్నంత కష్టం కాదు. ఇంటి దగ్గర కారు ఆపి, దిగి, చప్పట్లు కొట్టి బయటే నిలబడండి, తలుపు దాకా పోవద్దు. కుక్కలు వస్తాయి, వెనక మనిషి వస్తాడు. ఫోన్లో పిట్ట ఫోటో చూపించి పేరు చెప్పండి. యెతాపా, తోర్దో, న్యాందూ, చహా, ఈ నాలుగు పేర్లు చాలు, ముఖం మారిపోతుంది. కొరియెంతెస్‌లో గ్వారానీ భాష ఇంకా ఇళ్ళలో వినిపిస్తుంది, ఇబెరా అన్న మాట కూడా గ్వారానీదే, మెరిసే నీళ్ళు అని అర్థం. మాతే ఇస్తారు, సొరబుర్రలో పోసి గొట్టంతో పీల్చే ఆకు టీ. ఒకటే బుర్ర, ఒకటే గొట్టం, వరసగా అందరికీ తిరుగుతుంది. గొట్టాన్ని కలపొద్దు, మొత్తం తాగి తిరిగి ఇవ్వాలి, గ్రాసియాస్ అన్నారంటే ఇక నాకు చాలు అని లెక్క, మొదటి బుర్రకే అనేస్తే రెండోది రాదు. ఆ అరగంటలో దొరికే సమాచారం ఏ యాప్‌లోనూ ఉండదు. నాకు బ్లాక్‌బర్డ్‌ల గూళ్ళున్న మడి చూపించింది గుర్రం మీద పశువుల్ని తోలే పిల్లవాడే.

తిండి గురించి భయపడకండి, కానీ తయారుగా ఉండండి. అక్కడ భోజనమంటే మాంసమే, నిప్పుల మీద గంటలు గంటలు కాలుస్తారు, మీకు వాసన తప్పదు. మాంసం తినను అంటే చాలాచోట్ల కోడి పెడతారు, అందుకే ‘నీ పోల్యో, నీ పెస్కాదో’ (కోడీ వద్దు, చేపా వద్దు) అని కూడా చెప్పాలి. కొరియెంతెస్‌లో చిపా అని కర్రపెండలం పిండి, చీజ్, గుడ్డు కలిపి కాల్చిన చిన్న రొట్టెలు ప్రతి ఊళ్ళో పొద్దున్నే వేడిగా దొరుకుతాయి, నేను వాటి మీదే రోజులు గడిపాను. ప్రోవోలేతా (కాల్చిన చీజ్), గుడ్డు తింటే తోర్తిల్యా, పాస్తా, సలాడ్ ఉంటాయి. లాడ్జికి ముందే రాస్తే గుమ్మడికాయ, మొక్కజొన్న కూరలు చేసి పెడతారు. రెండు కేజీల అటుకులు, పులిహోర పొడి, పచ్చడి చిన్న సీసా పెట్టుకోండి. ఇంకో మాట, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి సాయంత్రం దాకా ఊళ్ళో షాపులన్నీ మూసేస్తారు, నీళ్ళు, పండ్లు పొద్దున్నే కొనుక్కోవాలి.

మీ ఆవిడ గారికి పక్షుల మీద అంత ఆసక్తి లేదని రాశారు. పెల్లెగ్రీనిలో సాయంత్రం పడవ ఎక్కించండి, మొసళ్ళూ కాపిబారాలూ మార్ష్ డీరూ చేతికందే దూరంలో ఉంటాయి. న్యాందూని చూపించండి, ఉష్ట్రపక్షిలా ఉండే రియా. నాలుగైదు ఆడవి ఒకే గూట్లో గుడ్లు పెట్టి వెళ్ళిపోతాయి, పొదిగేదీ పిల్లల్ని వెంటేసుకు తిరిగేదీ మగదే, నవంబరు చివరికి చారల పిల్లలు ఇరవై దాకా తండ్రి వెనక పరిగెత్తుతూ కనపడొచ్చు. కంచె స్తంభాల మీద ఓర్నేరో కట్టిన మట్టిగూడు దగ్గర ఆగండి, అదే అర్జెంటీనా జాతీయ పక్షి. గూటిలోపల మట్టి గోడ మలుపు తిరిగి ఉంటుంది, చెయ్యి పెట్టినా గుడ్లు అందవు. తేరో అరుపు వినగానే మీకు మన తీతువు గుర్తొస్తుంది, దాని చుట్టమే, నేలమీద గుడ్లు పెట్టుకుని, మనిషి వస్తే గూటికి దూరంగా పోయి అక్కడ నిలబడి గోల చేస్తుంది. అరుస్తున్న చోట గూడు ఉండదు కాబట్టి అటు కాకుండా మీ కాళ్ళ దగ్గర చూసి అడుగు వేయండి.

ఆవుల్ని కూడా చూడండి. కొరియెంతెస్‌లో ఎక్కువగా బ్రాంగుస్, బ్రాఫోర్డ్, అంటే బ్రిటన్ జాతులకి బ్రాహ్మణ్ కలిపినవి, ఆ బ్రాహ్మణ్‌లో మన ఒంగోలు రక్తం కూడా ఉంది, ఎండకీ పిడుదులకీ తట్టుకుంటాయని. బ్రెజిల్‌లో అయితే ఒంగోలు పశువే నెలోరె అన్న పేరుతో దేశమంతా నిండిపోయింది, ఆ పేరు మన నెల్లూరుదే. మూపురమున్న ఆవు మీద పసుపు రొమ్ము కాటిల్ టైరెంట్ కూర్చుని ఉంటే మన పసులపోలిగాడి గేదె సవారీయే గుర్తొచ్చింది నాకు. మన దగ్గర్నుంచి పోయిందల్లా మేలు చేయలేదు. వేటకోసం తీసుకెళ్ళి వదిలిన మన చుక్కల దుప్పి ఎల్ పల్మార్‌లోనూ ఇబెరాలోనూ పెరిగిపోయి, పార్కు వాళ్ళే దాన్ని అదుపు చేయాల్సి వస్తోంది.

ఇబెరాలో ఇంకో వాదన మీ చెవిన పడుతుంది. అమెరికా వ్యాపారి డగ్లస్ టాంప్‌కిన్స్, ఆయన భార్య క్రిస్ 1990ల చివర నుంచి అక్కడ ఫారాలు కొని, ఆవుల్ని తీసేసి, ఆ భూమిని దేశానికి ఇచ్చేశారు, 2018లో జాతీయ పార్కు అయింది. 2007 నుంచి జెయింట్ యాంట్‌ఈటర్, తర్వాత పంపా జింక, 2021లో జాగ్వార్ మళ్ళీ అక్కడ తిరగడం మొదలుపెట్టాయి. నేను దాన్ని గొప్ప పనిగానే చూస్తాను, ఎత్తు గడ్డి కావాల్సిన యెతాపాకి అది కావాలి కూడా. అయితే ఆవులు లేని చోట గడ్డి పేరుకుని ఎండితే నిప్పుకి ఆపు ఉండదని చుట్టుపక్కల రైతులు అంటారు, 2022 మొదటి నెలల్లో కొరియెంతెస్‌లో దాదాపు 10 లక్షల హెక్టార్లు కాలిపోయాక ఆ మాట మరీ గట్టిగా వినపడింది. ఆ మంటలకి పెద్ద కారణం కరువు, పైన్ తోటలూ భగ్గుమన్నాయి, పార్కొక్కదాన్నే అనడం న్యాయం కాదు. నా మటుకు పార్కూ కావాలి, పార్కు పక్కన సరిగ్గా మేపే ఫారమూ కావాలి. నేను కర్నూలు వాణ్ణి, రోళ్ళపాడులో చిన్నప్పుడు మా నాన్న బట్టమేక పిట్టని చూపించారు, ఇప్పుడు మా అబ్బాయికి అక్కడ చూపించలేకపోయాను. అక్కడ కంచె లోపలి గడ్డిని కాపాడాం, బయట మేత బీళ్ళన్నీ పొలాలైపోయాయి. కొరియెంతెస్ రైతుతో మాట్లాడుతున్నప్పుడల్లా నాకు ఆ బయటి భూమే కళ్ళ ముందు ఉంటుంది.

పురుగుమందుల సంగతి కూడా. స్వైన్సన్స్ హాక్ అని ఉత్తర అమెరికా గద్ద చలికాలం గడపడానికి పంపాకి (అర్జెంటీనా మైదానాలకి) వస్తుంది, మిడతల్ని తింటుంది. 1995-96లో పొద్దుతిరుగుడు, ఆల్ఫాల్ఫా మీద మిడతలకి మోనోక్రోటోఫాస్ కొట్టారు, చెట్ల కింద గద్దలు కుప్పలుగా పడ్డాయి. లెక్కపెట్టినవే దాదాపు 5,000, మొత్తం 20,000 దాకా పోయి ఉంటాయని అంచనా. ఆ పక్షుల వీపు మీద శాటిలైట్ పరికరం కట్టి పంపిన పరిశోధకులు దాని వెంట వెళ్ళబట్టి బయటపడింది. తర్వాత అక్కడ ఆ మందు ఆపేశారు, గద్దలు ఇంకా వస్తున్నాయి. మా పత్తి చేలో ‘మోనో’ డబ్బా చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ సంగతి తెలిశాక దిగులేసింది. పంట పొలాల దారిలో పోయేటప్పుడు ఆకాశంలో సుడి తిరుగుతున్న గద్దల గుంపు కనపడితే ఆగి చూడండి.

ఎల్లో కార్డినల్ గురించి అడిగారు. ముళ్ళ చెట్ల పచ్చికలో ఉంటుంది, పాట బాగుంటుంది, అదే దాని ప్రాణం మీదికి తెచ్చింది, పంజరాల కోసం పట్టి పట్టి అంతరించే దశకి తెచ్చారు. చోటు నాకు తెలుసు, రాయను. గైడుతో వెళ్తే చూపిస్తారు. మీరు చూసినా ఫోటోతో పాటు లొకేషన్ ఎక్కడా పెట్టకండి, ఫోన్లో పాట వినిపించి దాన్ని దగ్గరికి రప్పించకండి, అలా ఫోన్ పాటకి వచ్చే అలవాటు పడ్డ పిట్ట పట్టేవాడి పాటకీ వస్తుంది.

8x42 బైనాక్యులర్ చాలు, చిన్న స్కోప్ ఉంటే కంచె మీంచి చూడ్డానికి బాగా పనికొస్తుంది. చీలమండ పైదాకా బూట్లు వేసుకోండి, గడ్డిలో యరరా అనే విష సర్పం ఉంటుంది, ఎర్రటి సన్న పురుగులు కూడా కాళ్ళకి పట్టి వారం రోజులు దురద పెడతాయి, ప్యాంటు సాక్సులోకి దోపుకోవాలి.

చివరగా ఎల్లో ఫీవర్ టీకా. అర్జెంటీనా మిమ్మల్ని అడగకపోయినా, తిరిగి వచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులో ఆ పసుపు కార్డు అడుగుతారు, లేకపోతే ఆరు రోజులు క్వారంటైన్‌లో పెట్టొచ్చు. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు, రోజూ వేయరు, ముందు ఫోన్ చేసి ఏ రోజో కనుక్కుని పాస్‌పోర్టు పట్టుకెళ్ళండి.